తోమాసు నంబరు

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. కరీంనగర్‌లో స్టీలు సామాన్ల వ్యాపారం చేసే శ్యాంసుందర్‌కు ఈ సామెత తెలియక కాదు. వాళ్ల బాపు రాజం గల్లా మీద కూర్చుని రోజూ అనే మాటే అది. తెలిసి తెలిసి, అడగాల్సిన మనిషిని అడగకుండా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం అతన్ని ఎక్కడిదాకా తెచ్చిందో చెప్తాను వినండి.

రాజం సైకిలు మీద గిన్నెలు కట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు ఇచ్చేవాడు. అట్లా తిరిగి తిరిగి కరీంనగర్‌లో ఒక దుకాణం, హుజూరాబాద్‌లో ఒకటి, ఎక్కడో ఆదిలాబాద్ అడవుల అంచున బోథ్‌లో ఒకటి పెట్టాడు. అంత దూరం ఎందుకు పోయినవయ్యా అని ఎవరైనా అంటే, "ఆడ పేరు లేని గిన్నెకు ఇజ్జత్ లేదు" అని నవ్వేవాడు. నిజమే. ఆ చుట్టుపక్కల పెండ్లికి పోయినా, కొత్తింట్లో పాలు పొంగించినా, చేతిలో ఒక స్టీలు గంజో సర్వో ఉండాలి. దాని మీద పెట్టినవాళ్ల పేరు కొట్టించి ఉండాలి. రేపు వాళ్లింట్లో కార్యమైతే ఆ పేరు చూసుకునే తిరిగి పెడతారు. అందుకని బోథ్ దుకాణంలో కొన్న ప్రతి గిన్నె మీదా పేరు పైసా తీసుకోకుండానే కొట్టిచ్చేవారు. కొట్టేవాడు తోమాసు.

తోమాసు బోథ్‌లో మెథడిస్టు చర్చి వెనక వాడలో పుట్టినవాడు. మీసం రాని వయసులో రాజం దగ్గర పనికి చేరాడు. కొన్నేళ్లకు రాజం దుకాణం మొత్తం అతని చేతిలో పెట్టి కరీంనగర్‌లో హాయిగా నిద్రపోయాడు. దుకాణం తాళంచెవి, చర్చిలో కానుకల పెట్టె తాళంచెవి, రెండూ ఒకే గుత్తికి కట్టుకుని తిరిగేవాడు తోమాసు. శ్యాంసుందర్ చిన్నప్పుడు సెలవులకు పోతే, పనికిరాని పళ్లేల మీద అతని పేరు కొట్టి ఆడుకోవడానికి ఇచ్చేవాడు. పెద్దయ్యాక కూడా శ్యాంసుందర్ అతన్ని తోమాసన్న అనే పిలిచాడు. తోమాసు మాత్రం సేటు అనడం మొదలుపెట్టాడు.

రాజం పోయాడు. వెనకాలే కాలం కూడా మారిపోయింది. కరీంనగర్‌లో బస్టాండు దిక్కు అద్దాల మాల్ ఒకటి లేచింది. కుక్కరు కావాలన్నా గరిటె కావాలన్నా జనం ఫోను నొక్కితే గుమ్మంలోకి వస్తోంది. అప్పుడే శ్యాంసుందర్ కూతురు వందన హైదరాబాద్‌లో ఎంబీఏ చదివి వచ్చింది. మంచి పిల్ల, కష్టపడే పిల్ల. తప్పంతా చదువు మీదా కంప్యూటరు మీదా తోసేసేవాళ్లుంటారు కానీ, నేనైతే ఆ పిల్లను ఒక్క మాట అనను.

"డాడీ, అందాజ మీద వ్యాపారం నడిచే రోజులు పోయినయి. ఎవరు కొంటున్నరు, ఎన్నిసార్లు వస్తున్నరు, అది తెలిస్తెనే ఏ షాపు మీద పైసలు పెట్టాలో తెలుస్తది" అంది.

మూడు దుకాణాలకూ కలిపి సాఫ్ట్‌వేర్ పెట్టించింది. గిన్నె అమ్మితే కొన్నవాళ్ల ఫోను నంబరు కొట్టాలి. కొట్టకపోతే బిల్లు బయటికి రాదు. కొట్టగానే ఆ ఫోనుకు మెసేజ్ పోతుంది, ఫలానా సామాను కొన్నారు, ధన్యవాదాలు, మీకు ఇన్ని పాయింట్లు అని. కరీంనగర్‌లో అడగకముందే నంబరు చెప్పారు. గీకితే బహుమతి వచ్చే కార్డు పెట్టారు మరి, ఇంట్లో ఉన్న నాలుగు నంబర్లూ చెప్పిపోయారు.

ఏడాది తిరిగాక ఒకరోజు మధ్యాహ్నం వందన లాప్‌టాప్ తండ్రి వైపు తిప్పింది.

"బోథ్ చూడు డాడీ. బిల్లుల్ల సగం కన్న ఎక్కువ ఒక్క నంబర్ మీదనే ఉన్నయి. ఎవరో హోల్‌సేల్‌గ కొంటున్నరు. అదొక్కటి తీసేస్తె ఆ షాపుకు కస్టమర్లు లేనట్టే. ఆ ఒక్క మనిషి రేపు రాకపోతె మన పని ఖతం."

శ్యాంసుందర్ కళ్లద్దాలు సవరించుకుని ఆ నంబరు చూశాడు. బోథ్‌కు రోజూ పొద్దున తనే చేసే నంబరు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అది తోమాసుది.

"ఎవరిదో ఫోన్ చేసి కనుక్కోనా?" అంది వందన.

"వద్దు" అన్నాడు.

ఆ ఒక్క "వద్దు" దగ్గరే కొంప మునిగింది. శ్యాంసుందర్ మనసు అప్పటికే కినవట్ సంతదాకా పోయింది. పాయింట్ల మీద ధర తగ్గుతుంది. తోమాసు తన నంబరు మీద సామాను తీసుకుని, మహారాష్ట్ర దిక్కు సంతల్లో అమ్ముకుంటున్నాడు. ఇంకేముంటుంది? కథంతా తనే అల్లుకున్నాడు, తనే నమ్మాడు, తనే ఏడ్చాడు. రాజమే బతికుంటే బస్సెక్కి పోయి, తోమాసు ఎదురుగా కూర్చుని, చాయ్ తాగి, "ఏందిర తోమాసు గీ ముచ్చట?" అని అడిగేసేవాడు. గోటితో పోయేది. ఈయనకు మొహమాటం అడ్డొచ్చింది. బాపు నాటి మనిషిని, భుజమ్మీద మోసిన మనిషిని, దొంగవా అని ఎట్లా అడుగుతాడు? మొహమాటం మంచి గుణమే, పెండ్లి బంతిలో రెండో లడ్డూ వద్దనేటప్పుడు. బతుకులు ఆధారపడ్డ చోట అది గొడ్డలి కన్నా చెడ్డది. కూతురికి కూడా ఆ నంబరు ఎవరిదో చెప్పలేదు. తోమాసు పరువు కాపాడుతున్నాననుకున్నాడు.

బోథ్ మూసేసి, ఆ పెట్టుబడి తెచ్చి కరీంనగర్‌లో మూడంతస్తుల షోరూం పెట్టాలని వందన ముందే గీసి పెట్టింది. లెక్క ప్రకారం అదే సరైన దారి. శ్యాంసుందర్ సరేనన్నాడు. బోథ్ పోయి చెప్పే ధైర్యం లేక ఫోను చేశాడు.

"తోమాసన్నా, బోథ్ దుకాణం బంద్ చేద్దామనుకుంటున్నం."

అవతల ఎవరో ఆడమనిషి పేరు చెప్తున్నట్టు, పేర్లు కొట్టే మిషను ఆగినట్టు వినిపించింది.

"ఏమన్న చెప్పేదుందా సేటు?" అన్నాడు తోమాసు చివరికి.

"ఏం లేదన్నా."

"మంచిది. సామాను ఎప్పుడు పంపాలె?"

అంతే. లారీ పోయింది, సామాను వచ్చింది. తాళంచెవి డ్రైవరు చేతికిచ్చి పంపాడు తోమాసు. పేర్లు కొట్టే పాత మిషను ఎవరూ అడగలేదు, అది అక్కడే ఉండిపోయింది. బిల్లులు కొట్టే ఆరాధన అనే పిల్ల నిర్మల్‌లో ఏదో బట్టల దుకాణంలో చేరిందని తర్వాత తెలిసింది.

కరీంనగర్ షోరూం ఘనంగా తెరిచారు. ఏసీ, లిఫ్టు, కింద ఫ్రీగా కాఫీ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. జనం వచ్చారు, రాలేదని ఎవరన్నారు? కుక్కరు చేతిలోకి తీసుకునేవారు, మూత తీసి పెట్టి చూసేవారు, బరువు చూసేవారు, నాలుగు దిక్కుల నుంచీ ఫోటో తీసుకునేవారు. కాఫీ తాగి పోయేవారు. రెండు రోజులకు అదే కుక్కరు ఫోనులో తక్కువ ధరకు వాళ్లింటికి చేరేది. ఒకామె షోరూంలోనే నిలబడి ఆర్డరు పెట్టుకుంటూ, "అన్నా, జర గా మూత కిందికి తిప్పుండ్రి, మోడల్ నంబర్ సరిపోతదో సూసుకుంట" అంది. శ్యాంసుందర్ తిప్పి చూపించాడు. ఆ పూట అన్నం సయించలేదు.

కంప్యూటరు నిండా నంబర్లున్నాయి. వాటన్నిటికీ రోజూ మెసేజులు పోయేవి, దసరా అని, శ్రావణమాసం అని, క్రిస్మస్ అని. ఒక్కరూ తిరిగి చూడలేదు. షోరూమును నిలబెట్టడానికి హుజూరాబాద్ దుకాణం అమ్మాడు. అదీ ఆవిరైపోయింది. పై రెండంతస్తులూ ఖాళీ చేసి, కింద ఒక్కచోట లైట్లు వేసుకుని తండ్రీకూతుళ్లు కూర్చున్నారు.

"లెక్కల తప్పు లేదు డాడీ. ఎన్నిసార్లు చూసినా అదే వస్తది. మరి ఎక్కడ దెబ్బ తిన్నమో అర్థం అయితలేదు" అని వందన కళ్లు తుడుచుకుంది. కొంచెంసేపాగి, "ఇంత పెద్ద గంజులు, గుండిగలు ఫోన్ల అమ్మేటోళ్లు ఊళ్లకు తేలేరు. తెచ్చినా పేరు కొట్టియ్యరు. ఇప్పుడు పెద్ద కంపెనీలే ఊళ్ల దిక్కు చూస్తున్నయి. మనకు బోథ్ ఉండె" అంది.

ఆ మాటతో శ్యాంసుందర్‌కు ప్రాణం లేచొచ్చింది. మిగిలిన సామాను బోథ్ తీసుకుపోయి మళ్లీ చిన్నగా మొదలుపెడితే? తోమాసు ఉంటే చాలు, దుకాణం నడుస్తుంది. ఇక మిగిలిన ఆశ అదొక్కటే, అది కూడా పోతే షట్టరు దించేయడమే. మర్నాడే బస్సెక్కాడు. దారి పొడుగునా ఒకటే అనుకున్నాడు: జరిగిందేదో జరిగింది, తోమాసును క్షమించేద్దాం. అవును, క్షమిద్దామనే అనుకున్నాడు మహానుభావుడు.

హైవే మీద బస్సు దిగి బోథ్ ఆటో ఎక్కాడు. పక్కన ఒక పెద్దామె ఒడిలో కొత్త గంజు పెట్టుకుని కూర్చుంది. పేరు ఐలవ్వ అని మాటల్లో చెప్పింది. స్టీలు చూస్తే ఊరుకోలేడు గదా, శ్యాంసుందర్ కదిలించాడు.

"గంజు మంచిగున్నదవ్వా. ఏడ కొన్నవు?"

"ఇచ్చోడ బజార్ల కొన్న బిడ్డా. పేరు కొట్టుమంటె మిషన్ లేదన్నడు. మా తమ్ముని బిడ్డ పెండ్లికి పేరు లేని గంజు పెడ్తె ఏం ఇజ్జతుంటది? తోమాసు ఇంటికాడ కొడ్తడు. ఆడికే పోతున్న."

"బోథ్‌లనే ఒక దుకాణం ఉండె గద?"

"ఉండె. ఆ సేటుకు ఏం పురుగు కుట్టిందో బంద్ వెట్టిండు. మా ఆడోళ్లందరికి అదే దుకాణం. పత్తి ఏరిన పైసల్ల జరంత జరంత దాసుకొని, తల్లిగారింటికి పెట్టుకోను ఆడనే కొంటుంటిమి. నలుగుట్ల చిన్నతనం కావద్దు గద. మొగోనికి తెలిస్తె, తల్లిగారింటికి దోసిపెడ్తున్నవని ఈపు పగులగొడ్తడు. గదే పెండ్లిల గంజు మీద ఆయన పేరు సదువుతె మాత్రం మీసం దువ్వుకుంటడు."

శ్యాంసుందర్‌కు నవ్వొచ్చింది. అదే ఆఖరి నవ్వు.

"నడుమల కంప్యూటర్ వెట్టిండ్రు" అంది ఐలవ్వ. "నంబర్ చెప్పుమనవట్టిరి. మాకేడిది నంబర్? ఫోనున్నది మొగోని జేబుల. బిల్లు కొట్టంగనే ఇంటికి టింగుమని మెసేజ్ పోతదట. దుబాయిల మొగోళ్లున్నోళ్లకు ఆడిదాక పోతదట. మాకు భయమైంది, దుకాణం గడప తొక్కుడు బంద్ చేసినం. తోమాసు సంగతి కనుక్కొని, బిల్లు కొట్టే పిల్లకు చెప్పిండు. ఆడోళ్లను అడగకు, అందరికి నా నంబర్ కొట్టు అని. అప్పటిసంది మళ్ల పోయినం."

శ్యాంసుందర్ ఆమె వైపు తిరిగాడు. "అందరికి ఆయన నంబరేనా?"

"అందరికి."

"మరి సేటుకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్తడు? ఎవ్వలకు చెప్పనని మాకు మాటిచ్చిండు. సేటుకు చెప్తె సేటు ఇంకోలకు చెప్తడు, ఆ మాట తిరిగి తిరిగి మా ఇంటికే వస్తది." ఐలవ్వ గంజును ఒడిలోకి ఇంకా దగ్గరగా లాక్కుంది. "పాపం, దుకాణం మూసినంక ఊర్ల ఒక్కటే గుసగుస. తోమాసు తిన్నడట, గందుకే సేటు ఎల్లగొట్టిండట అని. నడిచే దుకాణం ఎవడన్న ఉత్తగ మూస్తడా, నిప్పు లేంది పొగ రాదు గద అని. మాకు ఎరుకే అది కాదని. నోరిప్పితె మా గుట్టు బయటవడుతది. అందరం నోరు మూసుకున్నం బిడ్డా. ఆ పాపం మమ్ముల కట్టి కుడుపుతది."

ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. శ్యాంసుందర్‌కు దూకేసి ఎటైనా పోవాలనిపించింది. కస్టమర్లు లేరని మూసిన దుకాణానికి ఊరి ఆడవాళ్లంతా కస్టమర్లే. కస్టమర్లున్నారని కట్టిన షోరూముకు ఒక్కరూ లేరు. కంప్యూటరు అబద్ధం చెప్పలేదు. వందన అడుగుతానంది. వద్దన్నది తనే.

"నువ్వేడికి బిడ్డా?" అంది ఐలవ్వ.

"తోమాసు ఇంటికే" అన్నాడు.

చర్చి వెనక పెంకుటిల్లు. అరుగు మీద తోమాసు కూర్చుని చెంబు మీద పేరు కొడుతున్నాడు. సగానికి సగం అయిపోయాడు. తలెత్తి చూసి, మిషను ఆపాడు.

"రా సేటు" అన్నాడు.

ఐలవ్వ చప్పున శ్యాంసుందర్ వైపు తిరిగింది. ముఖం పాలిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని, పోయి గోడవార కూర్చుంది.

తోమాసు ముందు ఆమె గంజు తీసుకున్నాడు. ఏ పేరని అడగలేదు, తెలుసు. అంతయ్య అని మొగుడి పేరు ముందు కొట్టి, ఐలవ్వ అని తర్వాత కొట్టాడు. ఆ మిషను చప్పుడు ఆగేదాకా శ్యాంసుందర్ చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"తోమాసన్నా, నాకొక్క మాట చెప్తె అయిపోవు గద" అన్నాడు చివరికి.

"నువ్వు అడుగుతవనుకున్న సేటు. మూసేటప్పుడన్న అడుగుతవనుకున్న. నువ్వడిగితె ఆడోళ్ల పేర్లు చెప్పకుంట ఎట్లనో గట్ల సమజ్ చేద్దుననుకున్న. చెప్పేదుందా అంటె ఏం లేదంటివి. నాకు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"నా నంబర్ నీకు నోటికొస్తది గద."

శ్యాంసుందర్ తల వంచుకున్నాడు.

"పాస్టరయ్య ఇంటికొచ్చిండు" అన్నాడు తోమాసు, గంజును గుడ్డతో తుడుస్తూ. "చాయ్ తాగిండు, ప్రార్థన చేసిండు. అన్నా, ఇన్నేండ్లు సేవ చేసినవు, ఇగ జర రెస్ట్ తీసుకో అన్నడు. కానుకల పెట్టె తాళంచెవి ఇచ్చేసిన. ఎవ్వలేం అనలే. చర్చిల నా పక్కన కూసునేటోళ్లు కూడ జర దూరం జరిగి కూసుంటున్నరు, గంతే."

"ఆదివారం నేనొస్తనన్నా. అందరి ముందట నిలవడి చెప్త. తోమాసు దొంగ కాదు, నాదే తప్పు అని చెప్త."

తోమాసు చేతిలో గుడ్డ ఆగింది.

"దొంగ అని ఎవలన్నరని చెప్తవు సేటు? ఒక్కలు కూడ నా మొకం మీద అనలే. నువ్వూ అనలే. అన్న మాటైతె వాపస్ తీసుకుందువు. మనసుల వెట్టుకున్నదాన్ని ఎవల ఇంటికి పోయి తీస్తవు? మరి నంబర్ సంగతేంది అని అడుగుతరు. అప్పుడు గీ ఆడోళ్ల ముచ్చట చెప్పాలె. నాకు వద్దు."

గోడవార ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"దుకాణం మళ్ల పెడుదామన్నా. నువ్వే కూసో. నాకు ఇగ వేరే తొవ్వ లేదు" అన్నాడు శ్యాంసుందర్.

"నేను కూసుంటె ఎవలొస్తరు? తిన్నోన్నే తెచ్చి మళ్ల కూసోవెట్టిండని నిన్ను నవ్వుతరు. ఆడోళ్లు వద్దామన్న మొగోళ్లు రానియ్యరు. అయిపోయింది సేటు."

కోపంగా అంటే బాగుండేది. తోమాసు అలసిపోయి అన్నాడు. అప్పుడు తోమాసు పక్కన ఉన్న ఫోను టింగుమంది. తోమాసు చూసి, ఫోను శ్యాంసుందర్ చేతికిచ్చాడు. పైన శ్యాంసుందర్ షోరూం పేరే ఉంది.

"ప్రియమైన కస్టమర్, బాగున్నారా? మిమ్మల్ని చూసి చాలా రోజులైంది. మా దుకాణం మీ కోసం ఎదురుచూస్తోంది."

"రోజొకటి వస్తది" అన్నాడు తోమాసు. "మొదట్ల నువ్వే పంపుతున్నవనుకున్న. శ్యాం సేటుకు ఎదురుంగ అడగ మొకం చెల్లక గిట్ల పిలుస్తుండనుకున్న. ఒక రోజు అంగి తొడుక్కొని బస్టాండుదాక వచ్చిన కూడ, కరీంనగర్ పోదామని. ఆడ ఒక పిలగాడు చూసి చెప్పిండు, ఇది మనిషి పంపేది కాదు తాతా, మిషన్ దానంతట అదే పంపుతది అని. మర్లి ఇంటికొచ్చిన."

శ్యాంసుందర్ కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోయాయి. "ఇయ్యాల్నే బంద్ చేయిస్తనన్నా" అన్నాడు.

"ఉండనియ్ సేటు" అన్నాడు తోమాసు, ఫోను తీసుకుని మిషను పక్కన పెట్టుకుంటూ. "బాగున్నవా అని అడిగేది గదొక్కటే ఉన్నది."